పేరు ఆమెది, తాళంచెవి ఎవరిది?

పాలమూరు పల్లెల్లో భూమి కాగితాల భాష చాలావరకు ఇప్పటికీ నిజాం కాలం నాటిదే. పహాణీ, విరాసత్, ఖాతా లాంటి మాటలు చదువురాని ఆడవాళ్ల నోట కూడా అలవోకగా పలుకుతాయి. ఆ వరసలోదే ముఖ్తార్‌నామా. ఒకరి తరఫున మరొకరు పని నడపడానికి రాసిచ్చే అధికార పత్రం అది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఆమ్ ముఖ్తార్: నా తరఫున ఏం చేసినా నేను చేసినట్టే అని ఇచ్చే అధికారం. రెండోది ఖాస్ ముఖ్తార్: ఫలానా సర్వే నంబరు గురించి, ఫలానా కచేరీలో, ఫలానా పని ఒక్కటి చేయడానికి మాత్రమే ఇచ్చే అధికారం. మొదటిదాన్ని ఇప్పుడు జీపీఏ అంటున్నాం. పేరు మారింది గానీ దానితో భూములు పోగొట్టుకున్న స్త్రీల కథలు మారలేదు. భర్త పోయిన ఆడమనిషి అన్నకో మరిదికో వేలిముద్ర వేసి ఇచ్చిన కాగితం ఖాస్ కాబోయి ఆమ్ అయితే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతారు.

ఆ రెండు మాటల మధ్య తేడాయే ఈ వ్యాసానికి విషయం. అధికారాన్ని పూర్తిగా అప్పగించకుండా, ముందే రాసి పెట్టుకున్న కొన్ని పనులకు మాత్రమే, కొంతసేపు మాత్రమే, చేసినవారి సొంత పేరు మీదే అరువివ్వడం ఎలా? కంప్యూటర్ ప్రపంచం 1980 నుంచి దీనికి ఒక సమాధానం వెతుక్కుంటూ వస్తోంది. ఆ సమాధానానికి 'సుడో' అని పేరు. సాహిత్యంలో పరిశోధన చేసినదానికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడిగారు. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఒక స్త్రీ పేరు మీద పొలం పట్టా కావాలన్నా, ఒక మహిళా సర్పంచ్ ఊరికి వీధిదీపం వేయించాలన్నా ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో ఒకరి అధికారంతో మీట నొక్కాలి. ఆ మీట నొక్కిన చేయి ఎవరిది, కింద పడిన పేరు ఎవరిది అన్నది సాంకేతిక ప్రశ్న కాదు. స్త్రీలకు అది పాత ప్రశ్నే.

ఎంత పాతదో చూడటానికి సంస్థానాల దాకా వెళ్లాలి. గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, ఈ మూడూ నిజాం రాజ్యంలో ఉన్న హిందూ సంస్థానాలు. సంస్థానాధీశులు పూర్తి ప్రభువులు కారు, మామూలు జమీందార్లూ కారు. నిజాంకు పేష్కష్ చెల్లించి, తమ పరిధిలో పన్నులు వసూలు చేసుకుంటూ, కొంతమేరకు న్యాయాధికారం నడుపుకొనేవాళ్లు. దత్తత చెల్లాలన్నా వారసత్వం నిలవాలన్నా పైనుంచి ఆమోదం రావాలి. అంటే వీళ్ల అధికారమే ఒక రకం ఖాస్ ముఖ్తార్.

ఆ అరువు అధికారం ఆడవాళ్ల చేతికి వచ్చిన సందర్భాలు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. గద్వాల కోట కట్టించిన సోమనాద్రి తర్వాత రాణి లింగమ్మ పాలించింది. వనపర్తిలో 1866లో మొదటి రామేశ్వరరావు చనిపోయాక రాణి శంకరమ్మ 1880 దాకా సంస్థానాన్ని నడిపింది. గద్వాలలో 1924లో సీతారామభూపాలుడు చనిపోయాక మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ, 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాలు ముగిసేదాకా, దాదాపు పాతికేళ్లు పాలించింది. గద్వాల కోటలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఇప్పుడున్నది ఆమె పేరే.

అయినా మన సంస్థాన చరిత్రల్లో ఈ స్త్రీలు ఎలా కనిపిస్తారు? ఒక రాజు చనిపోవడానికీ మరో రాజు పెద్దవాడు కావడానికీ మధ్య ఖాళీలో కనిపిస్తారు. 'భర్త మరణానంతరం', 'దత్తపుత్రుడు మైనరు కావడంతో' అనే రెండు పదబంధాలు లేకుండా వాళ్ల గురించి వాక్యం మొదలు కాదు. పద్నాలుగేళ్లు పాలించినా, పాతికేళ్లు పాలించినా అది తాత్కాలిక ఏర్పాటులాగే నమోదవుతుంది. రాణి ఏం చేసింది అనేది దివాను ఖాతాలోకీ, రాణి ఎవరి భార్య అనేది ఆమె ఖాతాలోకీ వెళ్తాయి. విద్వద్గద్వాలగా పేరుపడ్డ ఆ ఆస్థానానికి పండితులు ఎంతమంది వచ్చి సన్మానాలు అందుకున్నారో మన సాహిత్య చరిత్రలు ఇష్టంగా రాసుకున్నాయి. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడిని మన సంప్రదాయం 'కృతిభర్త' అంటుంది. కావ్యం కన్య, అంకితం పెళ్లి. మరి అంకితం అందుకున్నది రాణి అయితే? వ్యాకరణం 'కృతిభర్త్రి' అనే మాట తయారు చేసి ఇవ్వగలదు గానీ ఆ పెళ్లి ఉపమానం మాత్రం అక్కడ చిరిగిపోతుంది. అధికారస్థానంలో స్త్రీ కూర్చుంటుందని ఊహించని భాష ఆమె కూర్చున్నాక ఆమెను ఏమని పిలవాలో తెలియక తడుముకుంటుంది.

బ్రిటిష్ పాలకులది ఇంకో పద్ధతి. 1793 నాటి బెంగాల్ రెగ్యులేషన్లలో, ఎస్టేటు నడుపుకొనే అర్హత లేని భూస్వాముల జాబితాలో మైనర్లు, మతిస్థిమితం లేనివారి పక్కనే స్త్రీలను కూడా చేర్చారు, సమర్థులని ప్రభుత్వం గుర్తించినవారిని మాత్రం మినహాయించి. అలాంటి ఎస్టేట్లు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి పోయేవి. హైదరాబాద్ రాజ్యంలోనూ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఉండేది. రక్షణ పేరుతో అధికారాన్ని మొత్తం తీసేసుకోవడం ఈ పద్ధతి. పని చేయగలిగినవాళ్లకు పని అప్పగించి, హద్దు గీసి, లెక్క అడగడం మరో పద్ధతి. పాలకులకు మొదటిదే ఎప్పుడూ సులువు.

ఇదే చట్టవ్యవస్థలోంచి స్త్రీలకు పనికొచ్చే ఒక సూత్రం కూడా వచ్చింది. ఘోషా స్త్రీలు సంతకమో వేలిముద్రో పెట్టిన పత్రాల విషయంలో ప్రివీ కౌన్సిల్ ఒక నియమాన్ని పదేపదే చెప్పింది. ఆ పత్రంతో లాభపడేవాడే, ఆమెకు దాన్ని చదివి వినిపించారనీ, ఆమె అర్థం చేసుకునే ఒప్పుకుందనీ రుజువు చేయాలి. కాగితం మీద ముద్ర ఉంది కాబట్టి అది ఆమె ఇష్టమే అనుకోకూడదు. ఘోషా పోయింది కాబట్టి ఈ నియమమూ పాతబడిందని కొందరంటారు. కానీ వేలిముద్ర వెనక మనసు ఉందో లేదో విడిగా చూడాలన్న ఆ మెలకువ ఇప్పటి కంప్యూటర్ సంతకాలకు మరింత అవసరం.

ఇక కంప్యూటర్ సంగతి. యూనిక్స్ అనే వ్యవస్థలో, దాని వారసుడైన లినక్స్‌లో, 'రూట్' అని ఒక సర్వాధికారి ఉంటాడు. ఆయన లెక్క సున్నా. సున్నా నంబరు కనిపిస్తే యంత్రం ఇక అనుమతులు అడగదు. ఏ ఫైలైనా చదవొచ్చు, ఎవరి ఖాతా అయినా మార్చొచ్చు, మొత్తం యంత్రాన్నే తుడిచిపెట్టొచ్చు. మన పల్లెల్లో ఇలాంటి సర్వాధికారిని చూడాలంటే పట్వారీని గుర్తుచేసుకుంటే చాలు. దస్త్రం ఆయన ఇంట్లోనే ఉంటుంది. రాసేదీ ఆయనే, చదివి చెప్పేదీ ఆయనే. ఒక గీత అటు జరిగితే ఎవరి పొలం ఎవరిదవుతుందో ఊరందరికీ తెలుసు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పట్వారీ పోయాడు గానీ దస్త్రం మీద ఎవరో ఒకరికి సర్వాధికారం ఉండాల్సిందే అన్న ఆలోచన పోలేదు.

యంత్రంలో చిక్కు ఎక్కడంటే, చిన్న చిన్న పనులకు కూడా ఈ సర్వాధికారి కావాలి. ప్రింటర్ ఆగిపోతే మళ్లీ నడిపించాలన్నా, రోజూ డేటా నకలు తీసిపెట్టాలన్నా రూట్ చేతిలోనే ఉంటుంది. అందుకని చాలాచోట్ల జరిగేది ఒకటే. రూట్ పాస్‌వర్డ్ పదిమందికి చెబుతారు. 'సు' అనే పాత కమాండు కొట్టి, ఆ పాస్‌వర్డ్ ఇస్తే ఎవరైనా రూట్ అయిపోవచ్చు. ఆ తర్వాత యంత్రం రాసుకునే చిట్టాలో చాలావరకు రూట్ ఫలానా పని చేశాడనే ఉంటుంది. ఆ రూట్ వేషంలో ఉన్నది ఎవరు?

నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో ఇది చూశాను. ల్యాబ్‌లో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. ఒకరోజు ఇంటర్నల్ మార్కుల ఫైలు మాయమైంది. చిట్టా తీసి చూస్తే అడ్మినిస్ట్రేటర్ అని ఉంది తప్ప మనిషి పేరు లేదు. ఆ పూట ల్యాబ్‌లో కూర్చుని ఉన్నది ఒక కాంట్రాక్టు అసిస్టెంటు, పెళ్లయి ఏడాది కూడా కాని అమ్మాయి. ఆమె కాదనడానికి రుజువు లేదు, ఆమే అనడానికీ లేదు. వచ్చే ఏడాదికి ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు, అంతే. పేరు లేని అధికారం తప్పు చేసినప్పుడు ఆ తప్పు వచ్చి ఆ గదిలో అందరికన్నా తక్కువ జీతం ఉన్న మనిషి మీద వాలుతుంది. ఆ మనిషి చాలాసార్లు ఆడమనిషే అయి ఉంటుంది. ప్రపంచయుద్ధాల కాలంలో 'కంప్యూటర్' అనేది లెక్కలు చేసే ఉద్యోగానికి పేరు. ఆ ఉద్యోగంలో ఎక్కువమంది స్త్రీలు. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురూ స్త్రీలే. ఆ తర్వాత ఆ వృత్తికి గౌరవమూ జీతమూ పెరిగేకొద్దీ ఆడవాళ్లకు మిగిలింది ఆపరేటర్ కుర్చీ.

1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు ఈ చిక్కుకు ఒక చిన్న పరిష్కారం రాశారు. అదే సుడో. సూపర్ యూజర్‌గా ఈ పని చేయి అని దాని అర్థం. తర్వాతి దశాబ్దాల్లో టాడ్ మిల్లర్ దాన్ని పెంచి పోషించాడు. దీనికి కావలసిన పునాదిని అంతకుముందే డెనిస్ రిచీ వేసి ఉన్నాడు. ఒక ప్రోగ్రామును ఎవరు నడిపినా అది తన యజమాని అధికారంతో నడిచేలా ఒక గుర్తు పెట్టే ఉపాయానికి ఆయన 1973లో పేటెంటు అడిగితే 1979లో వచ్చింది. ఈ మధ్యలో 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు, ఏ మనిషికైనా ఏ ప్రోగ్రాముకైనా ఆ పనికి అవసరమైనంత అధికారం మాత్రమే ఉండాలి, అంతకు మించి ఉండకూడదు అనే సూత్రాన్ని స్పష్టంగా రాసిపెట్టారు.

సుడోలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. 'సు' మీ దగ్గర రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. సుడో మామూలుగా మీ సొంత పాస్‌వర్డే అడుగుతుంది. మొదటిది సర్వాధికారి రహస్యం తెలుసా అని అడుగుతోంది. రెండోది నువ్వు నువ్వేనా అని అడుగుతోంది. ఆ తర్వాత 'సుడోయర్స్' అనే ఒక జాబితా తెరిచి చూస్తుంది. ఏ మనిషి, ఏ యంత్రం మీద, ఎవరి హోదాలో, ఏ కమాండు నడపొచ్చు అని అందులో వరసలుగా రాసి ఉంటుంది. మీ పేరు ఎదురుగా ఆ కమాండు ఉంటే ఆ ఒక్క పనీ రూట్ హోదాతో జరుగుతుంది. పని అయిపోగానే మీరు మళ్లీ మీరే. ఎవరు, ఎప్పుడు, ఏ కమాండు నడిపారో మీ పేరుతోనే చిట్టాలో పడుతుంది. జాబితాలో లేనివారు ప్రయత్నిస్తే అదీ పడుతుంది. హోదా అరువుదైనా పేరు సొంతానిదే. ఖాస్ ముఖ్తార్‌నామాకు ఇంతకన్నా మంచి రూపం నేను చూడలేదు.

జాబితా రాయడం మాత్రం కష్టమైన పని. ఒక గుమాస్తాకు ఒక్క ఫైలు దిద్దడానికి మాత్రమే అధికారం ఇద్దామని ఎడిటర్ ప్రోగ్రామును జాబితాలో రాశారనుకుందాం. చాలా ఎడిటర్లలోంచి బయటకు వచ్చి వేరే కమాండ్లు నడిపే దారి ఉంటుంది. ఆ దారిలో వెళ్లినా రూట్ హోదా వెంటే వస్తుంది. ఖాస్ అనుకున్నది ఆమ్ అయిపోయింది. అందుకే ఫైళ్లు దిద్దడానికి సుడోఎడిట్ అని వేరే పద్ధతి పెట్టారు. అందులో ఫైలు నకలు మీద మీ మామూలు హోదాతోనే దిద్దుతారు, అయ్యాక అది అసలు చోటికి చేరుతుంది. కమాండు పేరు పొట్టిగా రాస్తే అదే పేరుతో ఇంకో ప్రోగ్రామును ఎవరైనా ముందు నిలబెట్టొచ్చు. అందుకని దాని పూర్తి చిరునామా రాయాలి. జాబితాలో చేర్చిన స్క్రిప్టును నడిపేవాళ్లే మార్చగలిగితే ఆ జాబితాకు అర్థం లేదు. నక్షత్రం గుర్తు పెట్టి 'ఇలాంటివన్నీ' అని రాస్తే మనం ఊహించనివీ అందులోకి దూరతాయి. 'ఇవి తప్ప అన్నీ' అని రాయడం కన్నా 'ఇవి మాత్రమే' అని రాయడమే క్షేమం. రూట్‌గా తప్ప ఎవరిగానైనా నడపొచ్చు అనే నియమం ఉన్నచోట మైనస్ ఒకటి అనే నంబరు ఇచ్చి నేరుగా రూట్ అయిపోవచ్చని 2019లో బయటపడింది. జాబితానే తప్పుగా దిద్దితే తాళం ఎవరికీ తెరుచుకోకుండా పోతుంది కాబట్టి, దాన్ని దిద్దడానికి విసుడో అనే ప్రోగ్రాము వాడతారు. రాసింది నియమాల ప్రకారం ఉందో లేదో సరిచూశాకే అది భద్రపరుస్తుంది.

ఇంత జాగ్రత్త పడ్డా ద్వారపాలకుడే తప్పు చేయొచ్చు. 2011 నుంచి సుడోలోనే దాగి ఉన్న ఒక లోపాన్ని 2021 జనవరిలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. జాబితాలో పేరు లేనివాడు కూడా దానితో రూట్ కాగలిగేవాడు. వెంటనే సరిచేశారు. పదేళ్లు ఎవరూ చూడలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. 1988లో నార్మ్ హార్డీ రాసిన ఒక చిన్న వ్యాసం దాన్ని వివరిస్తుంది. ఒక కంప్యూటర్ కేంద్రంలో ఒక ప్రోగ్రాముకు తన వాడకం లెక్కలు రాసుకోవడానికి ఒక ప్రత్యేక చోట రాసే అధికారం ఇచ్చారు. బిల్లుల ఫైలు కూడా అక్కడే ఉంది. వాడుకరి ఒకరు, నీ ఫలితాలు ఈ ఫైల్లో రాయి అంటూ ఆ బిల్లుల ఫైలు పేరు చెప్పారు. ప్రోగ్రాము నమ్మకంగా రాసింది, బిల్లులు పోయాయి. అడిగినవాడికి ఆ ఫైలు ముట్టుకునే అధికారం లేదు. ప్రోగ్రాముకు ఉంది. తను ఎవరి తరఫున, ఎవరి అధికారంతో ఆ పని చేస్తోందో దానికి తేడా తెలియలేదు. హార్డీ దానికి అయోమయంలో పడ్డ ప్రతినిధి అని పేరు పెట్టాడు. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మన మహిళా సర్పంచులే గుర్తొచ్చారు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చి పంచాయతీల్లో స్త్రీలకు కనీసం మూడోవంతు స్థానాలు ఇచ్చింది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది సగం. ఆ చట్టమే చెక్ పవర్‌ను సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చింది. 2020లో వచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్ వ్యవస్థలో కేంద్ర నిధుల చెల్లింపు ఒకరు తయారుచేసి మరొకరు ఆమోదిస్తే జరుగుతుంది. ఆమోదానికి డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకం ఉండేది పెన్‌డ్రైవ్ లాంటి ఒక చిన్న వస్తువులో. దాన్ని కంప్యూటర్‌కు పెట్టి పిన్ కొడితే చాలు. ఊళ్లో అందరూ దాన్ని 'కీ' అంటారు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మాజీ సర్పంచ్‌ని ఆ కీ గురించి అడిగాను.

"అది మా ఇంటాయన తాన్నే ఉంటుండె మేడమ్. పిన్ను గూడ ఆయనకే ఎర్క."

"మరి బిల్లు పాస్ చేసేటప్పుడు నిన్ను అడిగేవాళ్లా అక్కా?"

"ఏమడుగుతరు? నోటీసొచ్చినప్పుడు మాత్రం నా పేరు మీద్నే వచ్చింది."

ఆమె చివరి మాట దగ్గర ఆగాలి. సంతకపు యంత్రం చిట్టా రాసుకుంది. చాలా నిజాయితీగా, అబద్ధంగా రాసుకుంది. దానికి తెలిసింది ఆ కీ ఎవరి పేరు మీద ఉందో అంతే. పట్టుకున్న చేయి దానికి కనబడదు. సమాచార సాంకేతిక చట్టం 2000, సెక్షన్ 42 ప్రకారం ఆ రహస్య సంతకాన్ని తన ఆధీనంలో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత సంతకదారుదే. అంటే చట్టం దృష్టిలో తప్పు ఆమెదే. ఆ జాగ్రత్త తీసుకునే స్వేచ్ఛ ఆమెకు ఇంట్లో ఉందా అని ఆ సెక్షన్ అడగదు. ఘోషా స్త్రీ విషయంలో ప్రివీ కౌన్సిల్ అడిగిన ప్రశ్న ఇక్కడ అడిగేవాళ్లు లేరు.

ల్యాబ్ అసిస్టెంటు చేయి పనిచేసింది, పేరు లేదు. సర్పంచ్ పేరు పనిచేసింది, చేయి లేదు. రెండుచోట్లా శిక్ష ఆడమనిషికే పడింది. సుడో వెనకున్న ఆలోచన, పని చేసిన చేయినీ పడిన పేరునూ ఒకచోట కలిపి ఉంచడం. ఇద్దరి ఆమోదం ఉండాలన్న నియమం కూడా అందుకే పెట్టారు. కానీ రెండు కీలూ ఒకే చొక్కా జేబులోనో ఒకే బీరువాలోనో చేరితే ఆ నియమం కాగితం మీదే మిగులుతుంది.

'సర్పంచ్ పతి' పాలన గురించి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో, సుప్రీంకోర్టు సూచన తర్వాత, ఒక కమిటీ వేసింది. 2025లో వచ్చిన ఆ నివేదిక స్త్రీల బదులు మగవాళ్లు అధికారం నడిపితే కఠినమైన శిక్షలు ఉండాలని సిఫారసు చేసింది. మంచిదే. కానీ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌ను మరిచిపోకూడదు. భర్త చేతిలోంచి తీసిన కీని కార్యదర్శి బీరువాలో పెడితే ఆ స్త్రీకి ఒరిగేదేమీ లేదు. అధికారం మళ్లీ రక్షకుల దగ్గరికే చేరుతుంది.

జాబితా ఎవరు రాస్తారు అన్నది ఇంకో ప్రశ్న. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్‌లో ఏ సమస్యకు ఏ దరఖాస్తు అన్నది మాడ్యూళ్లుగా ముందే నిర్ణయించారు. వీఆర్వోల వ్యవస్థ అదే ఏడాది పోయింది. చిన్న తప్పుల దిద్దుబాటుకు కూడా కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చింది. పాస్‌బుక్కు వివరాలు సరిచేసే టీఎం-33 అనే మాడ్యూల్ పేరు రైతుల నోళ్లలో విరాసత్‌లాగే నలిగింది. ఏ మాడ్యూల్‌లోనూ పట్టని కష్టం ఉన్నవాళ్లకు దొరికే జవాబు 'ఆప్షన్ లేదు' అనే. మగవాళ్ల పేర్ల చుట్టూ అల్లుకున్న దస్త్రాల్లో ఆడవాళ్ల కష్టాలు ఇలా పట్టకుండా పోవడం సులువు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు వేర్వేరుగా పడ్డ ఆధార్, విడిచిపెట్టిన భర్త బతికుండగా సాగు చేసుకుంటున్న పొలం, సాదాకాగితం మీద తండ్రి రాసిచ్చిన పసుపు కుంకుమ భూమి, ఇవి జాబితా రాసేవాళ్లకు ముందుగా తట్టే సంగతులు కావు. పనులను ముందే నిర్ణయించడంలో భద్రత ఉంది. నిర్ణయించినవాళ్ల ఊహకు అందని మనుషులు బయటే ఉండిపోయే ప్రమాదమూ అందులోనే ఉంది.

అందుకే జాబితాను మళ్లీ మళ్లీ దిద్దుకోవాలి. 2024 ఫిబ్రవరి చివర్లో ప్రభుత్వం కలెక్టర్ల దగ్గర పోగుపడిన అధికారాల్లో కొన్నింటిని తహసీల్దార్లకు, ఆర్డీవోలకు పంచింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఇప్పటి చట్టంలో కింది అధికారి నిర్ణయం మీద పైకి అప్పీలు చేసుకునే దారి ఉంది. అధికారం కిందికి దిగడం, దిగిన అధికారం మీద లెక్క అడిగే చోటు ఉండడం, రెండూ కలిసి రావాలి. మొదటిది ఒక్కటే వస్తే పట్వారీ మళ్లీ పుడతాడు.

2025 డిసెంబరు ఎన్నికల తర్వాత తెలంగాణ పల్లెల్లో వేలమంది స్త్రీలు కొత్తగా సర్పంచులయ్యారు. వాళ్లకు ఇచ్చే శిక్షణలో చట్టాల పేర్లు, పథకాల పేర్లు చాలా ఉంటాయి. నేను కోరేది కొంచెం చిన్నది. మొదటిరోజే ఆ కీని ఆమె చేతికిచ్చి, పిన్ ఆమె చేతే మార్పించాలి. ఏ బిల్లు ఎంతకు పెట్టారో తెలుగులో తెర మీద కనిపించి, ఆమె చదివాకో విన్నాకో మాత్రమే సంతకం పడాలి. తన పేరు మీద ఏ రోజు ఏం జరిగిందో చూపే చిట్టాను ఆమె ఎప్పుడైనా ఎవరినీ అడగకుండా చూసుకోగలగాలి. కీ పోతేనో, లాక్కుంటేనో, ఆపేయించడానికి ఒక నంబరు ఆమె దగ్గర ఉండాలి. నోటీసు ఇచ్చే అధికారి, ఇది నువ్వు చేసిన పనేనా అని ముందు అడగాలి. ఆపరేటర్ కుర్చీలో కూర్చున్న అమ్మాయికి సార్ లాగిన్ కాకుండా తన సొంత లాగిన్, తను చేయాల్సిన పనుల వరకు అధికారం ఉండాలి.

ఇందులో కొత్త యంత్రం కనిపెట్టాల్సింది ఏమీ లేదు. నలభై ఏళ్లకు పైగా కంప్యూటర్ గదుల్లో నడుస్తున్న మర్యాదే ఇది. ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున్న కాలేజీలోనో, వనపర్తి రాజప్రాసాదంలో నడుస్తున్న పాలిటెక్నిక్‌లోనో కంప్యూటర్లు నేర్చుకుంటున్న అమ్మాయిలు రేపు ఈ వ్యవస్థల్లో జాబితాలు రాసే చోట కూర్చోవచ్చు. వాళ్లు అనుమతుల వరసలు రాస్తున్నప్పుడు ముఖ్తార్‌నామా మీద వేలిముద్ర వేసిన ముసలమ్మను కూడా గుర్తుంచుకుంటే, ఆ జాబితాలో ఆమెకూ ఒక వరస దొరుకుతుంది.